ఇంద్రమ్మకు తెలిసిన కుక్క

ఇంద్రమ్మ పుట్టింది కోట్‌పల్లి ప్రాజెక్టు కింద పొలాలున్న ఒక పల్లెలో. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు కుక్కలుండేవి. వాటికి పేర్లు పెట్టినవాళ్లు లేరు, కట్టేసినవాళ్లూ లేరు. పొలానికి పోతే వెంట వచ్చేవి, అన్నం వేళకు అరుగు కింద చేరేవి, ముసలివయ్యాక ఎటో పోయేవి. కుక్కను గురించి ప్రత్యేకంగా ఆలోచించాల్సిన అవసరం ఆమెకు నలభై ఏళ్లు దాటేదాకా రాలేదు.

పెళ్లయి తాండూరు వచ్చింది. భర్త మహేందర్ రెడ్డి వ్యవసాయం అన్నదమ్ములకు వదిలేసి, ఊరి బయట నాపరాళ్ల పాలిష్ యూనిట్ పెట్టాడు. గనుల నుంచి లారీల్లో వచ్చిన బండలను కోసి, నున్నగా చేసి పంపే పని. పొద్దంతా మిషన్ల రొద, నేలంతా తెల్లటి బురద, వేపాకుల మీద కూడా రాతిపిండి. యూనిట్ వెనకాలే రెండు గదుల ఇల్లు. ఇంద్రమ్మ అక్కడే కాపురం చేసింది, పనివాళ్లకు చాయ్ కాచింది, లారీ డ్రైవర్లతో వాదించింది. మహేందర్ రెడ్డి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అక్కడ ఏది ఎక్కడుండాలో చెప్పేది ఇంద్రమ్మే.

ఒక వానాకాలం బండల దొంతుల సందున ఊరకుక్క ఒకటి పిల్లల్ని పెట్టింది. వెనక్కి వస్తున్న లారీ కింద ఒక పిల్ల పడింది. వారం తిరక్కుండానే ఇంకొకటి. తల్లి ఏమైందో ఎవరికీ తెలియదు. మిగిలిన ఒక్క పిల్లను, గోధుమరంగు ఒళ్లు, తెల్లటి రొమ్ము ఉన్నదాన్ని, ఇంద్రమ్మ కొంగులో ఎత్తుకొచ్చి జనరేటర్ గది పక్క స్తంభానికి పాత చీర పీలికతో కట్టింది. లారీల కింద పడకుండా ఉంటుందని. ఆ రోజు కట్టింది దయతోనే. తర్వాతి రోజుల్లో తనను తాను ఎంత తిట్టుకున్నా, ఆ ఒక్క సంగతిని మాత్రం ఆమె అబద్ధమనుకోలేకపోయింది.

వాచ్‌మన్ మల్లప్ప దానికి షేరు అని పేరు పెట్టాడు. మల్లప్పది సరిహద్దు అవతల కన్నడ పల్లె. గేటు పక్క రేకుల గదిలో ఉండేవాడు.

కుక్క పెరిగింది. చీర పీలిక పోయి తాడు వచ్చింది. తాడు కొరికితే గొలుసు వచ్చింది, మెడకు ఇత్తడి పూలు కొట్టిన తోలు బెల్టు వచ్చింది. లారీల కింద పడే వయసు దాటిపోయింది గాని గొలుసు పోలేదు. కట్టేసిన కుక్కకే కోపమెక్కువ, దొంగలు దగ్గరికి రారు అని ఎవరో అన్నారు, అందరూ సరేననుకున్నారు. గొలుసు ఎంత పొడుగో దాని లోకం అంతే. అక్కడి నేల గుండ్రంగా అరిగి గట్టిపడింది. ఇంద్రమ్మ రెండు పూటలా అన్నంలో చారు కలిపి తీసుకుపోయేది. గిన్నె చప్పుడు వినగానే షేరు గొలుసు బిగిసేదాకా ముందుకొచ్చి, వెనకకాళ్ల మీద నిలబడి, ముందుకాళ్లు గాలిలో ఆడించేది. ఆమె నవ్వి, గిన్నె పెట్టి, తల మీద ఒకసారి చెయ్యేసి వెనుదిరిగేది. పని చాలా ఉండేది.

బెల్టు బిగుతైందని మల్లప్ప ఒకటి రెండుసార్లు చెప్పాడు. "బజారుకు పోయినప్పుడు తెస్త" అంది. బజారుకు చాలాసార్లు పోయింది.

కొన్నేళ్లకు యూనిట్ దెబ్బతింది. ఇళ్లకు టైల్స్ వచ్చాక బండలడిగేవాళ్లు తగ్గారు. పక్క యూనిట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, చివరికి వీళ్లదీ. వికారాబాద్‌లో ఇంద్రమ్మ తమ్ముడికి ఎరువుల దుకాణం ఉంది. దాన్ని చూసుకోవడానికి మహేందర్ రెడ్డి ఒప్పుకున్నాడు. రైల్వేస్టేషన్‌కు దగ్గరలో ఒక అపార్ట్‌మెంటులో ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

సామాను బండికెక్కించే రోజు షేరు పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది. ఇంద్రమ్మ భర్త దగ్గరికి పోయింది.

"గీ కుక్కనేం జేద్దాం?"

"అపార్ట్‌మెంట్ల కుక్కనెట్ల ఉంచుతం? ఓనరు ముందే జెప్పిండు" అన్నాడు మహేందర్ రెడ్డి. "మల్లప్ప సూస్కుంటడు తియ్యి."

మల్లప్ప తన పెట్టె సర్దుకుంటున్నాడు. "నేనేడుంటనమ్మా? యూనిట్ బందయినంక నాకీడ ఏం పని? మా ఊరికి పోతున్న. మా ఇంట్ల మాకే జాగ లేదు."

ఇంద్రమ్మ షేరు వైపు చూసింది. కోట్‌పల్లి దగ్గర పుట్టింటికి పంపొచ్చు. ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ బండి డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, గ్యాస్ సిలిండర్ ఇంకా ఎక్కలేదు, వంటసామాను మూటలు ఊడిపోతున్నాయి.

"అయితే విప్పి ఇడిచిపెట్టు. ఊర్ల గింతమంది ఉన్నరు, ఎవరో ఒకరు ఇంత బువ్వ వెయ్యరా?"

మల్లప్ప ఆమె ముఖంలోకి చూశాడు. "కట్టేసి పెంచిన కుక్కమ్మా. తిరిగి తినుడు దానికేమెర్క?"

ఆమె బండి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. మల్లప్ప గొలుసు కొక్కెం తీశాడు. బెల్టు మాత్రం మెడకే ఉండిపోయింది. తీయమని ఆమె చెప్పలేదు, అతనికీ తోచలేదు. గేటు దాటుతుంటే వెనక్కి చూసింది. గొలుసు లేకపోయినా షేరు ఆ గుండ్రటి నేల దాటి ఇవతలికి రాలేదు. అక్కడే నిలబడి బండి వైపు చూస్తోంది.

కొత్త ఇంట్లో పనులు తెమలడానికే కొన్ని వారాలు పట్టాయి. ఆ హడావుడిలో షేరు గుర్తుకొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చేరదీసి ఉంటారని తనకు తానే చెప్పుకునేది.

చలికాలంలో చుట్టాల పెళ్లికి తాండూరు పోవాల్సి వచ్చింది. భర్తకు దుకాణంలో పని ఉంటే ఒక్కతే రైలు దిగి షేరింగ్ ఆటో ఎక్కింది. ఫంక్షన్ హాలుకు పోయే దారి యూనిట్ ముందునుంచే. ఆ సంగతి ఆటో మలుపు తిరిగాకగాని ఆమెకు తట్టలేదు.

గేటుకు తాళం ఉంది. గేటు ముందు షేరు కూర్చుని ఉంది.

డొక్కలు లోపలికి పోయాయి. ఒంటి మీద అక్కడక్కడా వెంట్రుకలు రాలి తెల్లగా చర్మం కనపడుతోంది. మెడ దగ్గర ఏదో నల్లగా తడిగా ఉంది. ఆటో దగ్గరపడేసరికి అది తలెత్తి ముక్కు ఆడించింది. లేచింది. ఇంద్రమ్మ పట్టుచీర కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆటో దాటిపోయాక వెనక గోళ్ల చప్పుడు వినపడింది. కుంటుతూ పరిగెత్తుకొస్తోంది.

"గా కుక్క మనెంకనే వస్తుందేందమ్మా?" అన్నాడు పక్కన కూర్చున్న ఆయన.

ఇంద్రమ్మ ముందుకు వంగి డ్రైవర్‌తో అంది: "జర తొందరగ పోనియ్ అన్నా. లగ్గం టైమైతుంది."

ఆటో వేగం పెరిగింది. గోళ్ల చప్పుడు ఆగిపోయింది. పెళ్లిలో అందరూ ఆమెను పలకరించారు, ఆమె అందరికీ నవ్వుతూ జవాబు చెప్పింది. బంతిలో కూర్చుంటే విస్తరి నిండా వడ్డించారు. ముద్ద నోటి దాకా తెచ్చి దించేసింది. ఒంట్లో బాగాలేదని లేచి, తిరిగి పోయేటప్పుడు చుట్టుదారిలో తీసుకుపొమ్మని ఆటో అతన్ని బతిమాలింది.

విప్పి వదిలేసిన రోజు తెలియకపోయిందని అనుకోవచ్చు. ఈ రోజు తెలిసే చేసింది. ఇక ఆ తేడాను ఆమె ఎప్పటికీ మరవలేకపోయింది.

వికారాబాద్‌లో వీళ్లుండే అపార్ట్‌మెంటులోనే కింది ఇంట్లో నిఖిల అనే టీచర్ ఉండేది. పెళ్లి కాలేదు, తల్లితో ఉండేది. ఆమె, ఇంకొందరు ఉద్యోగస్తులు, దుకాణదారులు కలిసి ఒక బృందంగా జబ్బుపడిన వీధికుక్కలను చూసుకునేవాళ్లు. పూడూరు పోయే రోడ్డులో ఒక రైతు ఖాళీగా ఉన్న కోళ్ల షెడ్డు ఇచ్చాడు. గజ్జి పట్టినవి, బండ్లు గుద్ది కాళ్లు విరిగినవి అక్కడికి వచ్చేవి. ఒక పశువుల డాక్టర్ సెలవు రోజుల్లో వచ్చి చూసేవాడు. టీకాలు వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఒళ్లు బాగైనవాటికి ఇళ్లు వెతికేవాళ్లు. ఇళ్లు దొరకనివాటిని తిరిగి వాటి వీధుల్లోనే వదిలి, అక్కడ అన్నం పెట్టే మనిషిని చూసేవాళ్లు.

ఒకరోజు నిఖిల తలుపు కొట్టింది. "ఆంటీ, మిగిలిన అన్నముంటే జర ఇస్తరా? షెడ్డుకు తీస్కపోతున్నం."

ఇంద్రమ్మ ఆమె చేతిలోని డబ్బా వైపు కాసేపు చూసింది. "మిగిలింది ఎందుకు బిడ్డా? నేనే వండిస్త" అంది.

ఆ మర్నాటి నుంచి పెద్ద గిన్నెడు అన్నం వండడం మొదలుపెట్టింది. పసుపు వేసి, ఉప్పు లేకుండా, కోడికాళ్లు ఉడికించిన నీళ్లతో. మొదట డబ్బాలో పోసి పంపేది. తర్వాత తనే వెంట పోయింది. గజ్జికుక్కలకు మందు రాయడం నేర్చుకుంది, పుండ్లలో పురుగులు తీయడం నేర్చుకుంది. వాసనకు చిన్నవాళ్లు ముక్కు మూసుకుంటే ఈమె మూసుకునేది కాదు. అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె అక్కడినుంచి లేచి పోయి గిన్నెలు కడుక్కునేది. సిగ్గరి అనుకున్నారు.

తాండూరు గేటు ముందున్న కుక్క సంగతి నిఖిలకు చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. చెబితే ఎవరిదని అడుగుతారు. పోనీ, ఎవరిదో తెలియదనవచ్చు. ఆ చిన్న అబద్ధానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. ఇవాళ రేపు అంటూ ఆ చలికాలం గడిచిపోయింది. ఇక్కడ పది కుక్కలకు అన్నం పెడుతూ అక్కడ ఒకదాన్ని ఆకలికి వదిలేశానని తనకు తెలుసు. తెలిసి కూడా, రైలెక్కి ఒక్కసారి పోయి రాలేదు.

ఎండలు ముదిరాక, తాండూరు నుంచి ఎవరో నిఖిలకు ఫోన్ చేశారు. మూతపడ్డ యూనిట్ల దగ్గర మెడకు పుండుతో ఒక కుక్క తిరుగుతోందని. బృందంలోని మగవాళ్లు పోయి వల వేసి పట్టి, ట్రాలీ ఆటోలో షెడ్డుకు తెచ్చారు.

ఆ సంగతి ఇంద్రమ్మకు తెలియదు. మర్నాడు ఎప్పటిలాగే అన్నం గిన్నెతో షెడ్డులోకి వచ్చి, గిన్నె బండ మీద దించింది. చివరి బోనులో ఏదో కదిలింది. ఎముకల గూడులా ఉన్న కుక్క ఒకటి లేచి, వెనకకాళ్ల మీద నిలబడలేక నిలబడి, ముందుకాళ్లు గాలిలో ఆడించింది.

"ఆంటీ, దగ్గరికి పోకున్రి!" నిఖిల అరిచింది. "నిన్నటిసంది ఎవర్నీ ముట్టనిస్తలేదు. డాక్టర్ సార్‌ను గూడ కరవొచ్చింది."

ఇంద్రమ్మ బోను ముందు కూలబడింది. కుక్క కమ్మీల సందులోంచి మూతి బయటికి పెట్టి ఆమె చేతులను నాకింది, కొంగును నాకింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు సన్నగా మూలిగింది. తోక ఊగుతుంటే ఒళ్లంతా ఊగుతోంది.

అందరూ చుట్టూ చేరారు. "ఆంటీ చేతిల ఏముందో గని" అన్నారెవరో. డాక్టర్ ముందుకొచ్చాడు. "మంచిగైంది. అమ్మా, మీరు తల పట్టుకోన్రి. నేను బెల్టు కోస్త."

బోను తెరిచారు. ఇంద్రమ్మ షేరు తలను ఒడిలోకి తీసుకుంది. బెల్టు మాంసంలోకి దిగిపోయింది. పైన చర్మం పెరిగి, కొంత దూరం బెల్టు కనపడనే కనపడదు. చీము కారుతోంది, లోపల పురుగులు మెదులుతున్నాయి. ఒకచోట చీములో ఇత్తడి పువ్వు ఒకటి మెరిసింది. తాండూరు బజారులో ఆ బెల్టు ఏరుకున్నది తనే. డాక్టర్ కత్తెర పెట్టి కోసి మెల్లగా లాగుతుంటే కుక్క గిలగిల్లాడింది గాని ఆమె చేతిని కరవలేదు. పళ్లు తగిలాయి, ఆనించి అలాగే వదిలేసింది.

"ఎవడో కట్టి, మళ్ల మొకం చూడలే" అన్నాడు డాక్టర్ బెల్టును పక్కన పడేస్తూ. "పెరిగే కుక్కకు బెల్టు మార్చాలెనని తెల్వదా? అసలు మనుషులేనా వాళ్లు?"

"గసుంటోళ్లను దొరకవట్టి అదే బెల్టు వాళ్ల మెడకు కట్టాలె సార్" అంది నిఖిల.

ఇంద్రమ్మ కన్నీళ్లు షేరు నుదుటి మీద పడ్డాయి. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వని కుక్క తల్లిలాంటి ఆమె ఒడిలో పడుకుందని కింద రాశారు. చుట్టాలు ఫోన్లు చేశారు. మహేందర్ రెడ్డి దుకాణంలో ఎవరో చూపిస్తే చూశాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"గది మన షేరు గదా?"

"అవును."

"వాళ్లకు జెప్పినవా?"

"లేదు."

ఆయన కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పాడు. "చెప్పకు. గిప్పుడు చెప్పి ఏం లాభం? కుక్క మంచిగైతుంది గదా. ఇజ్జత్ పోతది" అన్నాడు. తర్వాత, "మల్లప్పకు విప్పమని జెప్పింది నువ్వే అయినా, నేను గూడ అడ్డం చెప్పలే" అన్నాడు. అది ఓదార్పని ఆమెకు తెలుసు. అయినా ఓదార్పు కలగలేదు.

షెడ్డులో షేరుకు బ్రౌనీ అని పేరు పెట్టారు. ఇంద్రమ్మ కూడా అలాగే పిలిచేది. ఆ పేరుకు అది పలికేది కాదు, ఆమె గొంతుకు పలికేది. రోజూ కట్టు మార్చేది ఆమే. కట్టు విప్పేటప్పుడు మెడ చుట్టూ ఉన్న ఎర్రటి గాడిని చూడకుండా ఉండటానికి వీల్లేదు. మందు రాస్తుంటే అది ఆమె ముఖంలోకి చూస్తూ ఉండేది. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని ఆమె రోజూ వెతికింది. ఉంటే బాగుండుననిపించేది. ఏమీ లేదు. వచ్చావా అన్న సంతోషమే.

పంద్రాగస్టునాడు కాలనీవాళ్లు ఆమెను పిలిచి శాలువా కప్పారు. మైకులో నిఖిల మాట్లాడింది: "కుక్కలు మనసును గుర్తుపడతాయి. ఇంద్రమ్మ ఆంటీ మనసు బ్రౌనీకి తెలిసింది." చప్పట్లు కొట్టారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె చేతికిచ్చారు. ఆమె మైకు పట్టుకుని నిలబడింది. ముందు వరుసలో కూర్చున్న భర్త తల వంచుకున్నాడు. "అందరికి నమస్కారం" అని మైకు ఇచ్చేసింది. ఇంటికి వచ్చి శాలువాను బీరువా అడుగున పడేసింది. వానపడ్డ రోజు మహేందర్ రెడ్డి చలేసి దాన్ని తీసి కప్పుకోబోతే, చేతిలోంచి గుంజుకుని మళ్లీ అక్కడే పెట్టింది.

దసరా ముందు బషీరాబాద్ వైపు నుంచి బీరన్న అనే ఆయన వచ్చాడు. గొర్లు, కొంచెం కందిచేను ఉన్న మనిషి. మంద దగ్గర ఉండే కుక్క ముసలిదై చనిపోయిందని, షెడ్డులో మంచి కుక్క ఉంటే ఇమ్మని అడిగాడు. నిఖిలకు ఆయన మాటతీరు నచ్చింది. బ్రౌనీని చూపించింది. పుండు మానిపోయింది, వెంట్రుకలు వచ్చాయి. మెడ చుట్టూ మాత్రం ఒక బోడి గీత మిగిలింది.

బీరన్న దాని పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు. "బలంగున్నది. తీస్కపోత" అని భుజాన ఉన్న సంచిలోంచి గొలుసు తీశాడు.

గొలుసు గలగలమనగానే షేరు నేలకు కరుచుకుపోయింది. పాకుతూ షెడ్డు మూలనున్న మంచం కిందికి దూరి, అక్కడే ఒంటేలు పోసుకుంది. ఒళ్లంతా వణుకుతోంది.

"ఏమైందిరా బ్రౌనీ?" నిఖిల వంగి పిలిచింది. రాలేదు. "కొత్త మనిషి గదా, భయపడ్డది. మెల్లగ గొలుసేసి తోల్కపోన్రి కాకా. నాలుగొద్దులకు అలవాటైతది."

"గొలుసు వద్దు" అంది ఇంద్రమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎందుకాంటీ?"

"పిల్లప్పటిసంది గొలుసు మీదనే ఉన్నదది. మళ్లెయ్యొద్దు."

"మీకెట్ల తెలుసు?"

ఇంద్రమ్మ మంచం పట్టె పట్టుకుంది. "కట్టేసింది నేనే బిడ్డా. అది మా యూనిట్ల కుక్క. పేరు షేరు. ఆ బెల్టు నేనే కొన్న. బిగుతైందని చెప్తే గూడ మార్చలే. వచ్చేటప్పుడు ఇడిచిపెట్టి వచ్చిన." ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. "ఇంకోటి గూడ ఉన్నది. చలికాలంల లగ్గానికి పోయినప్పుడు ఆటోలకెళ్లి చూసిన. పుండుతోని గేటుకాడ కూసున్నది. నా ఎంట ఉరికొచ్చింది. మొకం కప్పుకొని, ఆటో తొందరగ పోనియ్యమన్న."

మంచం కింద షేరు ఇంకా వణుకుతూనే ఉంది.

నిఖిల ముఖం ఎర్రబడింది. "గన్ని రోజులు మా ఎంబడే ఉండి... శాలువా కప్పినప్పుడన్న చెప్పకపోతిరి గదా ఆంటీ."

"సిగ్గయింది బిడ్డా."

"చలికాలంలనే చెప్తే అప్పుడే పోయి పట్టుకొస్తుంటిమి. ఎండకాలం దాకా గా పుండుతోని..." మాట పూర్తిచేయలేక నిఖిల బయటికి పోయింది.

బీరన్న గొలుసును చుట్టి సంచిలో పెట్టేశాడు. "ఊర్ల ఎవరో గొలుసు తీస్కపో అంటే తెచ్చిన. మా మందకాడి కుక్కలను మేం కట్టెయ్యమమ్మా. కట్టేస్తే మందెట్ల కాస్తది?" అన్నాడు. ఆయన గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. "షేరంటిరా పేరు?"

"షేరు."

"మరి మీరే పిలిచి బండెక్కియ్యున్రి. నేను పిలిస్తే రాదు."

ఆమె మంచం దగ్గర కూర్చుని, షేరూ అని పిలిచింది. ఎన్నో నెలల తర్వాత ఆ పేరు. చెవులు నిక్కబొడుచుకుని కుక్క బయటికొచ్చింది. ఆమె నడిస్తే వెంట నడిచింది, ఆమె ట్రాలీ ఆటోలో ఎక్కితే ఎక్కింది. బీరన్న పక్కన కూర్చుని దాని వీపు మీద చెయ్యేశాడు. అప్పుడు ఇంద్రమ్మ దిగింది. ఆటో కదిలింది. షేరు లేచి అంచు మీద కాళ్లు పెట్టి ఆమెనే చూసింది, రెండుసార్లు మొరిగింది. ఆమెకు ముఖం తిప్పుకోవాలనిపించింది. కొంగును పిడికిట్లో బిగించి, బండి మలుపు తిరిగేదాకా దాని కళ్లలోకి చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత నిఖిల తలుపు కొట్టలేదు. ఇంద్రమ్మ మాత్రం వండటం మానలేదు. గిన్నె తీసుకుపోయి నిఖిల గుమ్మం ముందు పెట్టి వచ్చేది. సాయంత్రానికి ఖాళీ గిన్నె అక్కడే ఉండేది, కడిగి. మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ పక్కకు తప్పుకునేవాళ్లు. బృందంలో కొందరు పోనిమ్మన్నారట, కొందరు ఆమె షెడ్డులో అడుగు పెట్టొద్దన్నారట. రెండోవాళ్లదే న్యాయమని ఇంద్రమ్మ అనుకుంది.

"చెప్పకుంటే ఏమయ్యేది?" అన్నాడు మహేందర్ రెడ్డి ఒకరోజు.

"ఏం గాకపోతుండె. గొలుసు పడుతుండె, గంతే" అంది ఆమె.

కందికోతలప్పుడు నిఖిల వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. "తాండూరుల ఇంకో యూనిట్ బంద్ వెడుతున్నరట. నాలుగు కుక్కలున్నయి. ఓనరు మమ్మల్ని గేటు లోపటికే రానిస్తలేడు. అరుణ్‌కుమార్ అంట. మీకెర్కనా?"

"ఎర్కే. అవతలి రోడ్డుకున్న యూనిట్. మా ఇంటికి వస్తుండె."

"వస్తరా?"

ఇద్దరూ పొద్దున రైలెక్కారు. దారంతా నిఖిల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అరుణ్‌కుమార్ మర్యాదగా కుర్చీ వేశాడు. కుక్కల మాటెత్తగానే చిరాకుపడ్డాడు. "వదినా, మాకు పరేషాన్లు చాలా ఉన్నయి. కుక్కలదేముంది, యాడనో బతుకుతయి."

ఇంద్రమ్మ ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఆయన ముందు పెట్టింది. బెల్టు కోసిన రోజు షేరు మెడ. ఆయన చూసి మొహం చిట్లించి ఫోన్ పక్కకు నెట్టాడు.

"గిదెవరి కుక్క?"

"మాదే. మీరెరిగిందే. జనరేటర్ కాడ ఉంటుండె."

ఆయన మళ్లీ ఫోన్ అందుకున్నాడు. ఈసారి చాలాసేపు చూశాడు. "షేరా?" అన్నాడు. తర్వాత, కొంచెం కోపంగానే, "నువ్వే గిట్ల జేసి, నాకు చెప్పనీకొచ్చినవా వదినా?" అన్నాడు.

"అవును. నేను జేసింది మీరు చెయ్యొద్దని."

ఆయన లేచి గేటు దాకా పోయి తిరిగొచ్చాడు. రెండింటిని తన తోటకు తీసుకుపోతానన్నాడు. మిగిలిన రెండింటిని వీళ్లు ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నారు. ఇంద్రమ్మ అక్కడే కూర్చుని నాలుగింటి మెడ బెల్టులూ కోసేసింది. దారిలో ఒక కుక్క ఆమె చీర మీద కక్కింది. నిఖిల తన నీళ్ల సీసా ఇచ్చింది. మాట్లాడలేదు గాని, సీసా మూత తనే తీసి ఇచ్చింది.

అప్పటినుంచి బృందానికి అదొక పనైంది. యూనిట్లు, మిల్లులు తిరిగి కట్టేసిన కుక్కల బెల్టులు వదులు చేయడం, మూతపడే చోట్ల కుక్కలను ముందే తెచ్చుకోవడం. గేటు దగ్గర మాట్లాడేది ఇంద్రమ్మే. ప్రతిచోటా తన సంగతి మొదటినుంచీ చెబుతుంది, ఆటో మాటతో సహా. విన్నవాళ్లలో కొందరు కుక్కను చూపిస్తారు, కొందరు ఆమెను అసహ్యంగా చూస్తారు. చెప్పగా చెప్పగా తేలికవుతుందని మొదట్లో అనుకుంది. కాలేదు. ఆటో దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ చెయ్యి కొంగు మీదికి పోతుంది.

బీరన్న అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. జొన్నరొట్టె, మజ్జిగ తింటోందని, మంద వెంట మస్తు తిరుగుతోందని, తోడేలును తరిమిందని చెబుతాడు. ఒకసారి వచ్చి చూసి పొమ్మంటాడు. ఆమె పోదు. తనను చూస్తే అది మళ్లీ దారి చూడటం మొదలుపెడుతుందని ఆమె భయం. అంతకంటే, అది మళ్లీ సంతోషపడుతుందని భయం.

మొన్న ఫోన్ చేసినప్పుడు బీరన్న అన్నాడు: "ఇగో, నా పక్కనే పండుకున్నది. ఫోన్ దాని చెవికాడ పెడ్త. జర పేరు పెట్టి పిలువున్రి, లేచి ఎట్ల చూస్తదో."

ఇంద్రమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. అవతల గొర్రె మెడలో గంట ఒకటి మోగింది.

"వద్దు బీరన్నా" అంది. "పండనియ్యి."